ఇల్లు వెచ్చగానే ఉంది, బిల్లే రెట్టింపైంది: ఒక రివర్సింగ్ వాల్వ్ కేసు

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, కేరీ పట్టణం. రెండంతస్తుల ఇల్లు, కింద ఒక సిస్టమ్, పైన ఒకటి. గొడవంతా కింది దానితోనే. 3 టన్నుల స్ప్లిట్ హీట్ పంప్ (ఎండాకాలంలో చల్లబరిచి, చలికాలంలో ఎదురు తిరిగి వెచ్చబెట్టే ఏసీ), ఆర్-410ఏ గ్యాస్, వయసు పదకొండేళ్లు. లోపలి గాలిని ఆడించే ఎయిర్ హ్యాండ్లర్ ఇంటి కింద పాకుతూ వెళ్లాల్సిన ఖాళీలో (క్రాల్ స్పేస్) ఉంది, దాంట్లో 10 కిలోవాట్ల హీట్ స్ట్రిప్స్. జనవరి బిల్లు కిందటేడు జనవరి బిల్లుకు దాదాపు రెట్టింపు వచ్చింది. నాకంటే ముందు వచ్చిన టెక్నీషియన్ ప్రెషర్ గేజీలు పెట్టి చూసి, కంప్రెసర్ పోయిందని, ఇంత పాతదానికి కంప్రెసర్ వేయడం దండగని, మొత్తం సిస్టమ్ మార్చేయమని ఐదంకెల కొటేషన్ ఇచ్చి వెళ్లారు.

ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చలికాలం గడపడానికి తెనాలి నుంచి వాళ్లమ్మగారు వచ్చి ఉన్నారు. నేను చెప్పులు విప్పేలోపే ఆవిడ అసలు సంగతి చెప్పేశారు: "ఇంట్లో చలేం లేదు బాబూ. ఎండాకాలంలో కూడా చల్లగానే ఉందట. బిల్లు చూసే మావాడికి జ్వరం వస్తోంది."

ఎండాకాలంలో చల్లగానే ఉందన్న ముక్క నాకు అక్కడే పట్టుకుంది. కంప్రెసర్ నిజంగా పోతే ఆ నష్టం రెండు కాలాల్లోనూ కనిపించాలి. శీతాకాలంలో మాత్రమే బలహీనపడే కంప్రెసర్ ఉండదు. అక్టోబర్‌కీ జనవరికీ మధ్య కొత్తగా పాడై ఉండొచ్చు కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేదు గానీ, అనుమానం వేరేవైపు మళ్లింది.

ఇల్లు వెచ్చగా ఉండటమే అసలు చిక్కు

మన ఊళ్లలో ఏసీ పాడైతే గంటలో తెలిసిపోతుంది, చెమట పడుతుంది. ఇక్కడి హీట్ పంప్ పాడైతే నెలల తరబడి తెలియదు. దాని వెనక హీట్ స్ట్రిప్స్ ఉంటాయి. అవి ఎలక్ట్రిక్ హీటర్ తీగలే. బయటి యూనిట్ చాలినంత వేడి ఇవ్వలేనప్పుడు గది వేడిని చూసి సిస్టమ్‌ని నడిపే థర్మోస్టాట్ వాటిని పిలుస్తుంది. యూనిట్ పూర్తిగా చేతులెత్తేసినా ఇంటి వేడి మాత్రం తగ్గనివ్వవు. ఖర్చులోనే తేడా. స్ట్రిప్స్ ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తాయి. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి, బయట 47 డిగ్రీలు ఉన్నప్పుడు (ఇక్కడ అంకెలన్నీ ఫారన్‌హీట్‌లోనే) అదే కరెంటుకు సుమారు మూడింతలు ఇస్తుంది. 17 డిగ్రీలకు పడిపోయినా రెండింతలకు దగ్గరగా ఇస్తుంది. అంటే బయటి యూనిట్ పని మానేస్తే ఇంటి మనిషికి అందే మొదటి కబురు కరెంటు బిల్లే.

థర్మోస్టాట్ తెర మీద "ఆక్స్ హీట్" అని వెలుగుతోంది, అంటే స్ట్రిప్స్ నడుస్తున్నాయని. బయట 47 డిగ్రీలున్న మధ్యాహ్నం అది వెలగాల్సిన పనే లేదు.

థర్మోస్టాట్ మీదే మొదటి అనుమానం

కారణముంది. దసరా రోజుల్లో ఇంటాయనే పాత థర్మోస్టాట్ పీకేసి ఒక స్మార్ట్ థర్మోస్టాట్ బిగించుకున్నారు. ఇలాంటి ఇళ్లలో సగం కథ అక్కడే దొరుకుతుంది. గ్యాస్ దిక్కు తిప్పి యూనిట్‌ని కూలింగ్ నుంచి హీటింగ్‌కి మార్చేది రివర్సింగ్ వాల్వ్. దానికి వెళ్లే వైరు థర్మోస్టాట్‌లో ఓ/బీ టెర్మినల్‌కి వస్తుంది. చాలా కంపెనీల యూనిట్లలో కూలింగ్‌లో ఆ వాల్వ్‌ని కదిలించే విద్యుదయస్కాంతానికి, అంటే సోలెనాయిడ్ కాయిల్‌కి కరెంటు అందాలి, అది "ఓ" పద్ధతి. రీమ్, రూడ్ వాళ్ల యూనిట్లలో హీటింగ్‌లో అందాలి, అది "బీ". సెటప్‌లో ఈ ఒక్కటి తప్పు నొక్కితే హీట్ అడిగినప్పుడు యూనిట్ చల్లగాలి పంపుతుంది, స్ట్రిప్స్ దాంతో కుస్తీ పడతాయి, బిల్లు మండిపోతుంది.

ఇక్కడ సెట్టింగ్ సరిగ్గానే ఉంది. యూనిట్ "ఓ" రకం, థర్మోస్టాట్‌లోనూ "ఓ" అనే ఉంది. దాంతో ఇంకో సంగతి కూడా తేలిపోయింది: హీటింగ్‌లో ఈ వాల్వ్ కాయిల్‌కి కరెంటే ఉండదు. అది కాలిపోయి ఉంటే కూలింగ్‌లో ఇబ్బంది రావాలి, చలికాలంలో కాదు. కాబట్టి తప్పు కాయిల్‌ది కాదు. వాల్వ్ లోపల ఏదైనా ఉండొచ్చు.

స్ట్రిప్స్‌ని పక్కన పెట్టి కొలవాలి

ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర, స్ట్రిప్స్‌ని పిలిచే డబ్ల్యూ వైరు ఊడదీశాను. స్ట్రిప్స్ నడుస్తుండగా హీట్ పంప్‌ని కొలిస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు, ఎవరి వేడి ఎంతో తెలియదు. వైరు తీసిన కాసేపటికి స్ట్రిప్స్ లైన్ మీద క్లాంప్ మీటర్ 41 ఆంప్స్ నుంచి సున్నాకు వచ్చింది. అంటే స్ట్రిప్స్‌ని వేసే, ఆపే సీక్వెన్సర్ కాంటాక్టులు అతుక్కుపోలేదు. అవి అతుక్కుపోతే థర్మోస్టాట్ అడగకపోయినా ఒక బ్యాంకు స్ట్రిప్స్ రాత్రింబవళ్లు కాలుతూనే ఉంటాయి. బిల్లు ఫిర్యాదుల్లో అదీ తరచుగా దొరికేదే, అందుకే చూసుకోవాలి.

ఫిల్టర్ శుభ్రంగా ఉంది, బ్లోయర్ తిరుగుతోంది, గాలి దాదాపు 1200 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). పావుగంట నడవనిచ్చి, ఇంటి గాలి ఎయిర్ హ్యాండ్లర్‌లోకి వెళ్లే రిటర్న్‌లో, వేడెక్కి తిరిగి బయటికొచ్చే సప్లైలో థర్మామీటర్లు పెట్టాను. లోపలికి 68, బయటికి 77. పెరిగింది 9 డిగ్రీలే. 1.08ని గాలి పరిమాణంతో, ఆ డిగ్రీల తేడాతో గుణిస్తే గంటకు సుమారు 11,700 బీటీయూ (వేడి కొలత). 3 టన్నుల యూనిట్ ఆ వాతావరణంలో 30 వేల పైన ఇవ్వాలి. పైగా ఆ 11,700లో దాదాపు సగం కంప్రెసర్ తిన్న కరెంటే వేడిగా మారి వచ్చింది. బయటి గాలి నుంచి తోడుకొస్తున్నది నామమాత్రం.

గేజీలు చెప్పింది సగమే

కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ప్రెషర్ (సక్షన్) 118 పీఎస్ఐ, అది బయటికి నెట్టే ప్రెషర్ (హెడ్) 235 పీఎస్ఐ. ఏ ప్రెషర్‌లో ఎన్ని డిగ్రీలకు మరుగుతుందో చెప్పే ఆర్-410ఏ పట్టికలో చూస్తే 118కి 40 డిగ్రీలు, 235కి 80 డిగ్రీలు. బయట 47 ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న యూనిట్‌లో సక్షన్ 100 చుట్టుపక్కల, హెడ్ 300 పైన ఉండాలి. కంప్రెసర్ ఆంప్స్ 8కి అటూ ఇటూ. నేమ్‌ప్లేట్ మీద 16.7 అని ఉన్నా ఆ అంకెను ఈ వాతావరణంలో ఆశించకూడదు, 11 దాకా ఉంటే చాలు. ఎనిమిదంటే మాత్రం కంప్రెసర్‌కి బరువే పడటం లేదన్నమాట.

ఎక్కువ సక్షన్, తక్కువ హెడ్, తక్కువ ఆంప్స్. పుస్తకాల్లో ఈ మూడూ కలిస్తే "కంప్రెసర్ పంప్ చేయడం లేదు" అని రాసి ఉంటుంది. మొదట వచ్చినాయన అక్కడితో ఆగారు. ఆయన చదివిన అంకెలు తప్పు కాదు, కానీ అవే అంకెలకు ఇంకో ఇద్దరు అనుమానితులున్నారు. బయటి యూనిట్‌లో, కాయిల్‌లోకి వెళ్లే ద్రవాన్ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోవడం ఒకటి. రివర్సింగ్ వాల్వ్ లోపల లీక్ రెండోది.

గ్యాస్ తక్కువైతే రెండు ప్రెషర్లూ తగ్గుతాయి, కాబట్టి అది కాదు. ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, మన హైదరాబాద్, విజయవాడల్లో ఏసీకి ఏ రోగమొచ్చినా "గ్యాస్ కొట్టిద్దాం" అనే అలవాటు ఇక్కడికీ వచ్చేసింది. ఇంటాయన కూడా ఫోన్‌లో మొదట అడిగింది అదే. సీలు చేసిన సిస్టమ్‌లో గ్యాస్ వాడకంతో అరిగిపోదు. లీక్ ఉంటే తగ్గుతుంది, లేకపోతే తగ్గదు. ఈ యూనిట్‌లో గ్యాస్ కొట్టి ఉంటే డబ్బు పోయేది, రోగం ఉండేది, పైగా అవసరానికి మించిన గ్యాస్ మిగిలేది.

పైపుల మీద థర్మామీటర్

రివర్సింగ్ వాల్వ్‌ని మన దగ్గర హాట్ అండ్ కోల్డ్ ఏసీలు చూసేవాళ్లు ఫోర్ వే వాల్వ్ అంటారు, వస్తువు ఒకటే. ఇత్తడి గొట్టం ఒకటి అడ్డంగా ఉంటుంది. ఒక పక్క ఒంటరిగా ఒక పైపు, అది కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ తెచ్చే డిశ్చార్జ్. రెండో పక్క మూడు పైపులు. మధ్యది ఎప్పుడూ కంప్రెసర్‌కి తిరిగి వెళ్లే సక్షనే. అటూ ఇటూ ఉన్న రెండింట్లో ఒకటి ఇంట్లోని కాయిల్‌కి, ఒకటి బయటి కాయిల్‌కి. లోపల బోర్లించిన సబ్బు పెట్టెలాంటి ప్లాస్టిక్ స్లైడ్ ఉంటుంది. అది మధ్య పైపును పక్కనున్న ఏదో ఒకదాంతో కలిపి కప్పేస్తుంది. మిగిలిన పైపుకు డిశ్చార్జ్ వెళుతుంది. ఆ స్లైడ్ అంచు సరిగ్గా కూర్చోకపోతే వేడి గ్యాస్ ఇంట్లోకి వెళ్లకుండా దొడ్డిదారిన సక్షన్‌లోకి పోయి, కంప్రెసర్ చుట్టూనే తిరుగుతుంది.

లీక్ అయిన వేడి గ్యాస్ ఒక ఆనవాలు వదులుతుంది. హీటింగ్‌లో బయటి కాయిల్ నుంచి వాల్వ్‌లోకి వచ్చే పైపు, వాల్వ్ నుంచి కంప్రెసర్‌కి వెళ్లే మధ్య పైపు, ఈ రెంటిలో నడిచేది ఒకే చల్లని గ్యాస్. వాల్వ్ బాగుంటే రెంటి మధ్య తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటుంది, ఇత్తడి ఒంట్లోంచి పాకే వేడి అంతే. వాల్వ్‌కి అర చెయ్యి దూరంలో, తుప్పు గోకి, ప్రోబ్‌లు కట్టి, పైన ఇన్సులేషన్ చుట్టాను. వాల్వ్‌కి మరీ దగ్గరగా పెడితే ఇత్తడి వేడి మోసం చేస్తుంది.

వాల్వ్‌లోకి వచ్చేది 44. కంప్రెసర్‌కి పోయేది 66. తేడా 22 డిగ్రీలు.

అంత తేడా రావాలంటే ఆ రెంటి మధ్య వేడి గ్యాస్ కలవాల్సిందే. కంప్రెసర్ లోపల వాల్వులు పోతే ఈ రెండు పైపులూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి, ఎందుకంటే ఆ లీక్ కంప్రెసర్ కడుపులోనే జరుగుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తెరుచుకుపోయి ఉంటే కాయిల్ దాటి ద్రవమే వచ్చేస్తుంది, రెండు పైపులూ ఒకేలా చల్లగా, సూపర్‌హీట్ (మరిగే ఉష్ణోగ్రతకు పైన గ్యాస్ ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో) సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ మధ్య పైపులో సూపర్‌హీట్ 26.

అయినా కంప్రెసర్‌ని నిర్దోషి అని తేల్చేముందు ఒక పని మిగిలింది. కూలింగ్‌కి మార్చాను. వాల్వ్ "ఠప్"మని తిరిగింది. ఇప్పుడు ఇంటి కాయిల్ నుంచి వచ్చే పైపుకీ మధ్య పైపుకీ తేడా 4 డిగ్రీలకు పడిపోయింది. సక్షన్ కిందికి దిగింది. అదే కంప్రెసర్, అదే గ్యాస్, స్లైడ్ ఒక్కటే జరిగింది. తెనాలి అమ్మగారు గుమ్మంలో చెప్పిన మాటకు మీటర్ సాక్ష్యం పలికింది.

స్లైడ్ మధ్యలో ఇరుక్కున్నప్పుడు హీటింగ్, కూలింగ్ మార్చి మార్చి తిప్పి, వాల్వ్ ఒంటి మీద స్క్రూడ్రైవర్ రబ్బరు పిడితో తట్టితే ఒక్కోసారి వదులుతుంది. ఇనుప సుత్తితో మాత్రం కొట్టకూడదు, పలచటి ఒంటికి సొట్ట పడితే స్లైడ్ ఇక జన్మలో కదలదు. తట్టి చూశాను. తేడా 22 నుంచి 15కి దిగి, పది నిమిషాల్లో మళ్లీ పైకి పోయింది. అంచే పాడైందన్నమాట, మార్చక తప్పదు.

మార్చాలా, మొత్తం పారేయాలా

ఇంటాయన సూటిగా అడిగారు: "అన్నా, పదకొండేళ్ల దానిమీద ఇంత ఖర్చు దండగ కాదా?" న్యాయమైన ప్రశ్నే. వాల్వ్ వస్తువుగా పెద్ద ఖరీదేమీ కాదు. శ్రమ, గ్యాస్, లైన్లో తేమనీ చెత్తనీ పట్టే డ్రయ్యర్ కలిస్తేనే బిల్లు పెరుగుతుంది. అయినా కొటేషన్‌లో అది చిన్న ముక్కే. ఇంకో లెక్క ఉంది. 2025 జనవరి 1 నుంచి అమెరికాలో ఇళ్లకోసం తయారయ్యే కొత్త ఏసీలు, హీట్ పంపుల్లో 700కు మించిన భూతాప సూచీ ఉన్న గ్యాస్ వాడకూడదు. ఆర్-410ఏది 2088. కొత్తవి ఆర్-454బీ, ఆర్-32లతో వస్తున్నాయి. ఇవి కొద్దిగా మండే గుణమున్న ఏ2ఎల్ తరగతి. పాత ఇంటి కాయిల్‌కి అలాంటి కొత్త బయటి యూనిట్ తగిలించడం కుదరదు, లోపలా బయటా రెండూ మార్చాలి. ఉన్న ఆర్-410ఏ యూనిట్లను బాగుచేసుకోవడానికి మాత్రం అడ్డం లేదు.

కంప్రెసర్ నిజంగా పోయి ఉంటే నేనూ మొత్తం మార్చమనేవాణ్ణి. కాయిల్స్ బాగుండి, కంప్రెసర్ బాగుండి, ఒక వాల్వ్ కోసం అన్నీ మార్చడం నా మనసుకు ఒప్పలేదు. ఆయనకీ ఒప్పలేదు.

వాల్వ్ మార్పిడి

గ్యాస్‌ని గాలిలోకి వదలడం ఇక్కడ చట్టరీత్యా నేరం, ఈపీఏ (ఇక్కడి పర్యావరణ సంస్థ) సెక్షన్ 608 సర్టిఫికెట్ లేనిదే ఆ పని ముట్టుకోకూడదు. రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి లాగితే, ఉండాల్సినదానికి కొంచెం తక్కువే వచ్చింది, గొట్టాల్లో మిగిలేది మిగిలినట్టే. లీక్ లేదని మళ్లీ రూఢి.

ఈ పనిలో అసలు ప్రమాదం కొత్త వాల్వ్‌ని మనమే కాల్చేయడం. నాలుగు బ్రేజింగ్ (టార్చ్‌తో లోహం కరిగించి వేసే) అతుకులు, వాటి మధ్య కొన్ని అంగుళాల దూరం, లోపల ప్లాస్టిక్ స్లైడ్. ఒళ్లు 250 డిగ్రీలు దాటకూడదు, టార్చ్ మంటకేమో వేల డిగ్రీలు. పాత వాల్వ్‌ని కరిగించి ఊడదీయలేదు. పైపుల్ని కట్టర్‌తో కోసేసి, కొత్త వాల్వ్‌కి బల్ల మీదే పొట్టి రాగి ముక్కలు అతికించుకున్నాను, యూనిట్ లోపల అతకాల్సిన చోట్లు వాల్వ్ ఒంటికి దూరంగా జరిగాయి. ఒంటికి హీట్ పేస్ట్ పట్టించి, దానిమీద తడి గుడ్డ చుట్టి, గుడ్డ ఆవిరి కక్కినప్పుడల్లా ఆగి మళ్లీ తడిపాను. సోలెనాయిడ్ కాయిల్‌ని ముందే తీసి పక్కన పెట్టాలి. తీసిన కాయిల్‌కి పొరపాటున కరెంటు ఇస్తే, మధ్యలో కడ్డీ లేక అది కాలిపోతుంది, అదో కొత్త ఖర్చు. వాల్వ్ ఒళ్లు అడ్డంగానే ఉండేలా చూసుకోవాలి.

బ్రేజింగ్ జరిగినంతసేపూ పైపుల్లో సన్నగా నైట్రోజన్ పారాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. నైట్రోజన్ లేకపోతే రాగి లోపలి వైపు ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొరకడుతుంది, తర్వాత అది పొట్టులా రాలి గ్యాస్‌తో కలిసి ఊరేగుతుంది. ఈ కేసులో అది పాఠంలో ముక్క కాదు, పాత వాల్వ్ కోసి చూస్తే కారణం అదే. స్లైడ్ అంచు మీద గీతలు, ఒక మూల చిన్న పెచ్చు లేచి ఉంది, పక్కనే నల్లటి పొట్టు. పాత డ్రయ్యర్ తలకిందులు చేసి తడితే అదే పొట్టు రాలింది. అడిగితే, రెండేళ్ల క్రితం బయటి కాయిల్ లీక్‌ని ఎవరో అతికారని ఇంటాయన గుర్తుచేసుకున్నారు. ఆ అతుకు పైనుంచి చూస్తే చక్కగా ఉంది. లోపల ఏం జరిగిందో ఈ పొట్టే చెబుతోంది.

కొత్త డ్రయ్యర్ తప్పకుండా రెండు దిక్కుల రకమే కావాలి. హీట్ పంప్‌లో గ్యాస్ కాలాన్ని బట్టి ఎదురు తిరుగుతుంది. మామూలు ఏసీ డ్రయ్యర్ పెడితే ఒక కాలంలో పోగైన చెత్తను రెండో కాలంలో తిరిగి లైన్లోకి కక్కుతుంది.

నైట్రోజన్ 350 పీఎస్ఐ దాకా ఎక్కించి సబ్బు నురుగుతో అతుకులన్నీ చూశాను. పైపుల్లోని గాలి లాగేస్తే వ్యాక్యూమ్ 350 మైక్రాన్ల దాకా దిగింది (ఎంత తక్కువైతే అంత ఖాళీ), పంపు ఆపి పది నిమిషాలు వదిలినా 500 దాటలేదు. పొట్టు పట్టిన పాత గ్యాస్‌ని తిరిగి వాడలేదు. కొత్త గ్యాస్‌ని కాటా మీద తూచి ఎక్కించాను: నేమ్‌ప్లేట్ ప్రకారం 8 పౌండ్ల 6 ఔన్సులు. ఫ్యాక్టరీ లెక్కలో 15 అడుగుల లైన్ కలిసే ఉంటుంది, ఇక్కడ లైన్ 30 అడుగులు, మిగతా 15 అడుగులకు అడుగుకు 0.6 ఔన్సు చొప్పున మరో 9 ఔన్సులు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి.

ఆ తర్వాత

బయట 44 డిగ్రీలు. డబ్ల్యూ వైరు ఇంకా ఊడదీసే ఉంది. సక్షన్ 98, హెడ్ 325, కంప్రెసర్ 11 ఆంప్స్. వాల్వ్ పైపుల మధ్య తేడా 2 డిగ్రీలు. లోపలికి 68, బయటికి 92. అంటే సుమారు 31 వేల బీటీయూ, అదీ స్ట్రిప్స్ లేకుండా. బయటి కాయిల్ మీది మంచు కరిగించే డీఫ్రాస్ట్‌ని బోర్డు మీద పిన్నులు కలిపి బలవంతంగా నడిపించాను. వాల్వ్ తిరిగింది, మంచు కరిగింది, మళ్లీ హీటింగ్‌లోకి వచ్చింది. వైరు తగిలించాను.

అయినా పూర్తికాలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటాయన ఫోన్: ఆక్స్ హీట్ మళ్లీ వెలిగిందని. థర్మోస్టాట్ హిస్టరీ పంపమంటే తెలిసింది. రాత్రి పడుకునేటప్పుడు ఆయన 62కి తగ్గిస్తారు, తెల్లారి ఐదింటికి పూజకు లేచే అమ్మగారు 74కి పెంచుతారు. ఒక్కసారిగా 12 డిగ్రీలు అడిగితే చాలా థర్మోస్టాట్లు స్ట్రిప్స్‌నే పిలుస్తాయి. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇళ్లలో రాత్రి తగ్గించడం లాభమే. హీట్ పంప్ ఇంట్లో పొద్దున స్ట్రిప్స్ ఆ లాభాన్ని మింగేస్తాయి. తగ్గించాలనుకుంటే రెండు మూడు డిగ్రీలు చాలు. బయట 35 డిగ్రీల పైన ఉంటే ఆక్స్ హీట్ రాకుండా లాక్అవుట్ పెట్టాను. ఆవిడకు పూజగదిలో కాళ్ల దగ్గర చిన్న హీటర్ పెట్టమన్నాను, అరగంట దానికయ్యే కరెంటు 10 కిలోవాట్ల ముందు లెక్కలోది కాదు.

గ్యాస్ తూకంతో వేసిందే కాబట్టి మే నెలలో వేడి ముదిరాక కూలింగ్‌లో సబ్‌కూలింగ్ (ద్రవమయ్యాక గ్యాస్ ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో) ఒకసారి చూసుకోవాలి. అప్పటికి కొత్త డ్రయ్యర్‌కి అటూ ఇటూ ఉష్ణోగ్రత కూడా కొలుస్తాను. లైన్లలో మిగిలిన పొట్టు దాంట్లో పోగై ఉంటే అక్కడ తేడా కనిపిస్తుంది. మూడు డిగ్రీలు దాటితే మళ్లీ మార్చాలని ఇంటాయనకు ముందే చెప్పి పెట్టాను.